4294967297 ప్రధాన సంఖ్యేనా? 28 పేజీలు నిండాయి, ఒక్కదాంతోనూ పోలేదు

నోట్‌బుక్_లెక్కలు

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, లెక్కలు నాకు వృత్తి కాదు, పిచ్చి. చేతిలో ఫోన్ పెట్టుకుని కాగితం మీద భాగహారాలు చేసే రకం నేను. పెద్ద సంఖ్య ఏదైనా కంటపడితే దాన్ని ముక్కలు చేసేదాకా నిద్రపట్టదు.

ఈసారి తగులుకున్నది 4294967297. అంటే 2^32 కి ఒకటి కలిపితే వచ్చేది. మన లెక్కలో 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. దీన్నే ఎందుకు పట్టుకున్నానంటే, 2^1 + 1 = 3, 2^2 + 1 = 5, 2^4 + 1 = 17, 2^8 + 1 = 257, 2^16 + 1 = 65537. ఘాతాన్ని రెట్టింపు చేసుకుంటూ పోతుంటే ప్రతిసారీ ప్రధాన సంఖ్యే ఊడిపడుతోంది. ఆరోది కూడా అంతేనా?

3తో మొదలుపెట్టి వరసగా ప్రధాన సంఖ్యలతో భాగించుకుంటూ 997 దాకా వెళ్లాను. 167 భాగహారాలు. పేజీకి ఆరు పడతాయి కాబట్టి 28 పేజీలు. ఒక్కదాంతోనూ పోలేదు. వర్గమూలం 65536 కంటే పిసరంత ఎక్కువ. ఆ లోపల ప్రధాన సంఖ్యలు 6542 ఉన్నాయి. అంటే నాకింకా వెయ్యి పేజీల పైచిలుకు పని మిగిలింది.

నా అవస్థ చూసి మా మేనల్లుడు ఒక ప్రోగ్రాం రాసిచ్చాడు. మొదటిసారి నడిపితే, సంఖ్యనే తెర మీద చూపించమంటే '1' అని చూపించింది! వాడు ఏదో మార్చాడు. ఈసారి సంఖ్య సరిగ్గానే వచ్చింది. తర్వాత ఏదో పరీక్ష పెట్టాడు: 2ని 4294967296 ఘాతానికి పెంచి, మన సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తే ప్రధాన సంఖ్య అట. శేషం 1 వచ్చింది. "మామయ్యా, ఇది ప్రధాన సంఖ్యే, ఇంక పడుకో" అన్నాడు.

నాకు మాత్రం నమ్మకం కుదర్లేదు. వెయ్యి పేజీలు చెయ్యకుండా తేల్చుకునే దారి ఏదైనా ఉందా?

అర్ధరాత్రి_కోడర్

ప్రధాన సంఖ్య కాదు. 641 × 6700417. గుణించి చూసుకోండి.

ఆ '1' సంగతి: మీవాడు మొదట 32 బిట్ల పెట్టెలో పెట్టుంటాడు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 4294967295. దానికి ఒకటి కలిపితే మళ్లీ 0, ఇంకొకటి కలిపితే 1. కారు మీటరు తొమ్మిదులన్నీ నిండాక సున్నాలకు తిరిగినట్టు. మీ సంఖ్య ఆ పెట్టెకి సరిగ్గా రెండు ఎక్కువ.

ఆ పరీక్ష ఈ సంఖ్య విషయంలో పనికిరాదు. 2^32 ని ఈ సంఖ్యతో భాగిస్తే శేషం −1 (ఒకటి తక్కువ కదా). వర్గం చేస్తే 2^64 కి శేషం 1. ఇక ఘాతం 64 గుణిజమైన ప్రతిచోటా 1 వస్తుంది. మీవాడు వాడిన ఘాతం 2^32, అది 64 గుణిజమే. కాబట్టి సంఖ్య ప్రధానమైనా కాకపోయినా 1 రాక తప్పదు. 2 బదులు 3 పెట్టమనండి. 32 సార్లు వర్గం చేస్తే చాలు. ప్రధాన సంఖ్యే అయితే 1 రావాలి. నేను ఇప్పుడే నడిపాను, 3029026160 వచ్చింది. కేసు కొట్టేశారు.

నోట్‌బుక్_లెక్కలు

641?! అది నా వరసలో ఉందండీ. ఒక్క నిమిషం.

...

ఇదుగో, ఇరవయ్యో పేజీ, పైనుంచి మొదటిది. 4294లో 641 ఆరుసార్లు, 3846, మిగిలింది 448. 9 దించితే 4489, ఏడుసార్లు, 4487, మిగిలింది 2. 6 దించితే 26, పోదు, సున్నా. 7 దించితే 267, పోదు, ఇంకో సున్నా. 2 దించితే 2672, నాలుగుసార్లు, 2564. ఇక్కడ తీసివేత చేసి 118 అని రాసుకున్నాను. 108 అండీ అది! పక్కన వరసలోంచి అప్పు తెచ్చుకుని తిరిగి ఇవ్వడం మర్చిపోయాను. ఆ 118తోనే ముందుకు పోయి 1189, 548, 5487, చివరికి శేషం 359 అని రాసి, దాని కింద గీత కూడా గీశాను.

సరిగ్గా చేస్తే 108, తర్వాత 1089, 448, 4487, ఏడుసార్లు, సున్నా. 448 రెండుసార్లు వస్తోంది చూడండి. రెండోసారి వచ్చినప్పుడు కింద దించేది 7, సరిగ్గా 4487 అయి కూర్చుంటుంది.

641 తర్వాత ఇంకా 52 భాగహారాలు చేశాను. తొమ్మిది పేజీలు దండగ.

రిటైరైన_మాస్టారు

దండగేమీ కాదు నాయనా. మీరు ముందుకు పోయిన దారిలోనే ఫెర్మా కూడా పోయాడు. 1640లో మీ అనుమానమే ఆయనకీ కలిగింది, ఈ వరసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని గట్టిగా నమ్మాడు. అందుకే వీటికి ఫెర్మా సంఖ్యలని పేరు. 1729లో గోల్డ్‌బాక్ ఒక ఉత్తరం చివర ఈ మాట ఆయిలర్ చెవిన వేశాడు. 1732లో ఆయిలర్ 641 పట్టుకొచ్చాడు.

ఆయన మీలా 3, 7, 11 అనుకుంటూ రాలేదనే నా అభిప్రాయం. దారి చెబుతాను, కాగితం దగ్గర పెట్టుకోండి.

ఈ సంఖ్యకి ఏదో ఒక ప్రధాన కారణాంకం ఉందనుకోండి. 2, 4, 8, 16 అని రెట్టిస్తూ, ప్రతి మెట్టు దగ్గరా ఆ కారణాంకంతో భాగించి శేషం మాత్రం ఉంచుకోండి. 32వ మెట్టు మీద శేషం −1 ఉంటుంది, ఎందుకంటే 2^32 + 1 దానితో పోతుంది కనక. 64వ మెట్టు మీద 1. అంతకుముందే ఎక్కడైనా 1 వచ్చి చక్రం తిరగడం మొదలైతే? ఆ చక్రం పొడవు 64ని భాగించాలి. 64 కంటే చిన్నదైతే 32ని కూడా భాగిస్తుంది, అప్పుడు 32వ మెట్టు మీద 1 ఉండాలి. కానీ అక్కడున్నది −1. కాబట్టి చక్రం పొడవు కచ్చితంగా 64.

ఇప్పుడు ఫెర్మా చిన్న సిద్ధాంతం: కారణాంకం కంటే ఒకటి తక్కువైన మెట్టు మీద శేషం ఎప్పుడూ 1. కాబట్టి ఆ మెట్టు దగ్గరికి చక్రం పూర్తి చుట్లు తిరిగి ఉండాలి. అంటే కారణాంకంలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది 64 గుణిజం.

ఇక 64 గుణిజాలకు ఒకటి కలుపుతూ రాయండి: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదో భాగహారంలో దొరికిపోతుంది. మీకు 115 పట్టాయి.

నన్ను ఎప్పుడూ తొలిచేది ఏంటంటే, ఆ చిన్న సిద్ధాంతాన్ని ఫెర్మా ఉత్తరంలో రాసింది కూడా 1640లోనే. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. తియ్యలేదో, తీసి మీలాగే అప్పు తిరిగివ్వడం మర్చిపోయాడో!

నోట్‌బుక్_లెక్కలు

మాస్టారూ, రెండుసార్లు చదివాను, మూడోసారి కాగితం మీద చేశాను. ఎక్కింది. నా 28 పేజీల్లో పనికొచ్చినవి ఐదు భాగహారాలేనన్న మాట. అందులో ఒకటి నేనే పాడుచేశాను.

శేషం_సున్నా

ఐదు కూడా అక్కర్లేదు. లూకా 1878లో దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు: 64 కాదు, 128. కారణం ఏంటంటే ఇక్కడ 2 కి 'వర్గమూలం' ఉంది. 16776960 (అంటే 256 × 65535) తీసుకుని వర్గం చేసి 4294967297తో భాగించండి, శేషం సరిగ్గా 2 వస్తుంది. 2 చక్రం 64 మెట్లైతే, దీని చక్రం 128 మెట్లు. మిగతా వాదన మాస్టారు చెప్పిందే.

128 గుణిజాలకు ఒకటి కలిపితే: 129, 257, 385, 513, 641. ప్రధాన సంఖ్యలు 257, 641 మాత్రమే. వీటిలో 257 ముందే ఎగిరిపోతుంది, ఎందుకంటే

3 × 5 × 17 × 257 × 65537 = 4294967295

మన సంఖ్యకి రెండు తక్కువ. కాబట్టి 257తో భాగిస్తే శేషం 2 వచ్చి తీరాలి. మిగిలింది 641 ఒక్కటే. మొదటి భాగహారమే ఆఖరిది.

అన్నట్టు, ఆ 4294967295 కూడా ఊరికే వదలాల్సింది కాదు. స్కేలు, వృత్తలేఖినితో గీయగల క్రమ బహుభుజుల్లో, బేసి సంఖ్యలో భుజాలున్నవాటిలో, ఇప్పటిదాకా తెలిసిన అతి పెద్దదానికి ఉన్న భుజాలు అన్నే.

నోట్‌బుక్_లెక్కలు

ఆగండాగండి. మీరన్నది చదివి నోట్‌బుక్ మళ్లీ తీశాను. 3 దగ్గర శేషం 2. 5 దగ్గర 2. 17 దగ్గర 2. 257 దగ్గర 2. నా చేతి రాతతోనే నాలుగుచోట్లా 2 ఉంది, 28 పేజీలు తిప్పిన నాకు ఒక్కసారైనా కనపడలేదు! శేషం సున్నా కాకపోతే చాలు, కొట్టేసి తర్వాతదానికి పోయాను. అసలు మిగతా శేషాల్లో ఇంకేం దాక్కున్నాయో ఇప్పుడు భయమేస్తోంది.

ఒక సందేహం. 641 పోతుందని భాగహారం చెయ్యకుండా చూపించొచ్చా? ఈ చేతి మీద నాకు నమ్మకం పోయింది.

రిటైరైన_మాస్టారు

చూపించొచ్చు, నాలుగు వరసలు. 641ని రెండు రకాలుగా రాయండి: 5 × 2^7 + 1, ఇంకోటి 5^4 + 2^4 (625 + 16). మొదటిదాన్ని బట్టి 5 × 2^7 ని 641తో భాగిస్తే శేషం −1. నాలుగో ఘాతం చేస్తే 5^4 × 2^28 కి శేషం 1. రెండోదాన్ని బట్టి 5^4 బదులు −2^4 పెట్టుకోవచ్చు. అప్పుడు −2^32 కి శేషం 1, అంటే 2^32 + 1 కి సున్నా. అయిపోయింది. పది అంకెల సంఖ్యని ఎక్కడా ముట్టుకోలేదు చూశారా?

క్లాసులో ఇది బోర్డు మీద రాసినప్పుడల్లా వెనక బెంచీలో ఒకరైనా "641ని ఇలా రెండు రకాలుగా రాయొచ్చని ముందు ఎలా తెలుస్తుంది సార్?" అని అడిగేవాళ్లు. తెలియదు. దొరికాక తెలుస్తుంది.

శేషం_సున్నా

కారణాంకం పేరెత్తకుండా ప్రధాన సంఖ్య కాదని చెప్పే దారి ఇంకోటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యని రెండు వర్గాల మొత్తంగా రాయడానికి ఒకే ఒక్క మార్గం ఉంటుంది. మన సంఖ్యకి ఒక మార్గం కళ్ల ముందే ఉంది: 65536^2 + 1^2. ఇంకోటి ఇది:

62264^2 + 20449^2 = 3876805696 + 418161601 = 4294967297

రెండు మార్గాలున్నాయంటే ప్రధాన సంఖ్య కాదు. ఇంతకీ ఈ రెండోది ఎక్కడ్నుంచి వచ్చింది? కారణాంకాల్లోంచే. 641 = 25^2 + 4^2. 6700417 = 2556^2 + 409^2. ఇలాంటి రెంటిని గుణిస్తే లబ్ధం కూడా రెండు వర్గాల మొత్తమే అవుతుంది, అదీ రెండు రకాలుగా. బ్రహ్మగుప్తుడు 628లో ఇచ్చిన సర్వసమీకరణంలో ఇది ఒక ప్రత్యేక సందర్భం.

25 × 2556 = 63900, 4 × 409 = 1636. కలిపితే 65536, తీసేస్తే 62264.
25 × 409 = 10225, 4 × 2556 = 10224. తీసేస్తే 1, కలిపితే 20449.

ఆ 10225, 10224 పక్కపక్కనే ఎలా నిలబడ్డాయో చూడండి. ఒక్క అంకె అటూ ఇటూ అయితే 2^32 పక్కన ఆ '+ 1' వచ్చేది కాదు. మిగతా నిరూపణలన్నీ 641 పోతుందని ఒప్పిస్తాయి. ఇది మాత్రం లోపల పళ్లచక్రాలు ఎలా అమరాయో మూత తీసి చూపిస్తుంది.

అర్ధరాత్రి_కోడర్

ఇంత హడావుడి చేస్తున్నాం గానీ, 1812లో లండన్‌లో జెరా కోల్‌బర్న్ అనే పిల్లాణ్ణి ఇదే సంఖ్య అడిగారు. ఎనిమిదేళ్లు కూడా నిండలేదు వాడికి. కాగితం, కలం లేకుండా 641 చెప్పాడు. నోట్‌బుక్ గారూ, నొచ్చుకోకండి.

నోట్‌బుక్_లెక్కలు

నొచ్చుకోవడానికి ఇంకేం మిగిలిందండీ. వాడికి అప్పు తెచ్చుకోవడాలు, ఇవ్వడాలు లేవేమో.

పోయిన పరువు కొంచెమైనా రాబట్టుకుందామని రాత్రి ఒక పని చేశాను. 6700417 ప్రధాన సంఖ్యని అందరూ అనేస్తున్నారు, ఎవరూ చూపించలేదు. నేను చూపిస్తాను, తప్పుంటే చెప్పండి.

6700417ని భాగించే ఏ ప్రధాన సంఖ్యైనా పెద్ద సంఖ్యని కూడా భాగిస్తుంది, కాబట్టి దానికీ 128 నియమమే. వర్గమూలం 2588 చిల్లర. ఆ లోపల 128 గుణిజానికి ఒకటి కలిపినవి 129 నుంచి 2561 దాకా సరిగ్గా ఇరవై. వాటిలో ప్రధాన సంఖ్యలు ఏరితే ఐదే మిగిలాయి. (1537 కాసేపు ఏడిపించింది, అది 29 × 53.) శేషాలు ఇవి:

257తో 170
641తో 44
769తో 120
1153తో 334
1409తో 622

ఒక్కదాంతోనూ పోలేదు, కాబట్టి ప్రధాన సంఖ్యే. 641 మళ్లీ ఎందుకు పెట్టానంటే రెండుసార్లు పోతుందేమో చూడాలి కదా. ఈసారి ప్రతి తీసివేతా కలిపి సరిచూసుకున్నాను. ఇరవై నిమిషాలు, ఒక్క పేజీ.

రిటైరైన_మాస్టారు

ఐదూ సరిపోయాయి, నేను కూడా కాగితం మీదే చూశాను. 641ని మళ్లీ పెట్టడం అందరూ మర్చిపోయే చోటు. దానికి ఒక మార్కు ఎక్కువ.

నోట్‌బుక్_లెక్కలు

మాస్టారూ, ధైర్యం వచ్చింది. తర్వాతది పట్టుకుంటున్నాను. 2^64 + 1. అంటే 18446744073709551617. నోట్‌బుక్‌లో ఇంకా నలభై పేజీలు ఖాళీ ఉన్నాయి.

అర్ధరాత్రి_కోడర్

వద్దు. ఈసారి 256 గుణిజాలకు ఒకటి కలుపుతూ వెళ్లాలి. మొదట పోయేది 274177, అంటే ఆ వరసలో 1071వది. మిగిలే ముక్క 67280421310721, అదీ ప్రధాన సంఖ్యే. 1880లో లాండ్రీ అనే ఆయన 82 ఏళ్ల వయసులో సాధించాడు. ఆ తర్వాత వచ్చే 2^128 + 1 ని ముక్కలు చెయ్యడానికి 1970 దాకా ఆగాల్సొచ్చింది, అదీ కంప్యూటర్‌తో. 65537 తర్వాత ఈ వరసలో ఇంకో ప్రధాన సంఖ్య ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. ఘాతం 2^32 దాకా వెళ్లినా అన్నీ ప్రధాన సంఖ్యలు కావని తేలిపోయింది. 2^33 దగ్గర మాత్రం ఏదీ తేలలేదు.

నోట్‌బుక్_లెక్కలు

జవాబు ముందే చెప్పేశారేంటండీ! 82 ఏళ్లాయన కథ చెప్పి ఆపేసి ఉంటే సరిపోయేది కదా.

సరే, 274177తో భాగహారం ఒక్కటి చేసుకుంటాను. ఇరవై అంకెలు, పేజీ అడ్డంగా తిప్పితే పట్టింది. ఇప్పటికి మొదటి నాలుగు అంకెలు 6728 వచ్చాయి.

శేషం_సున్నా

ఇప్పటిదాకా సరే. తీసివేతలు చూసుకోండి.